బొమ్మకూ వేగానికీ మధ్య లేని తగవు

కంప్యూటర్ మానిటర్ కొనబోయేవారిని దుకాణదారు మొదలుకొని యూట్యూబ్ సమీక్షకుల దాకా అందరూ ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: బొమ్మ బాగుండాలా, ఆటలు బాగా ఆడాలా? ఈ ప్రశ్న వెనుక స్థిరపడిన అభిప్రాయాన్ని దాని సమర్థకులు చెప్పుకొనే తీరులోనే చెబితే ఇలా ఉంటుంది. రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపించడం, వివరాలు సూక్ష్మంగా తెలియడం, నలుపు నలుపుగా ఉండడం ఒక జాతి గుణాలు. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మార్చగలదు, అందులోని ఒక్కొక్క చుక్క, అంటే పిక్సెల్, ఎంత త్వరగా రంగు మార్చుకోగలదు అన్నవి మరో జాతి గుణాలు. ఒకటి పెరిగితే రెండోది తరగక తప్పదు. అందువల్ల ఫోటోలు, వీడియోలు, డిజైన్ పనులు చేసేవారు 60 హెర్ట్జ్‌ల, అంటే సెకనుకు అరవైసార్లు బొమ్మను మార్చే, సుమారు 83 లక్షల పిక్సెళ్ళున్న 4కే తెరను ఎంచుకోవాలి. ఆటలవారు 240 హెర్ట్జ్, 1 మిల్లీసెకను అని రాసి ఉన్న తెరను ఎంచుకోవాలి. రెండూ ఒకేచోట కోరేవారు రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

ఈ అభిప్రాయం గాలిలోంచి పుట్టలేదు. కొన్నేళ్ళపాటు మార్కెట్లో దొరికిన తెరలు నిజంగానే ఇలా రెండు గుంపులుగా ఉండేవి. తయారీదారులు నేటికీ తమ సరుకును ‘గేమింగ్’ అనీ ‘ప్రొఫెషనల్’ అనీ వేరువేరు పేర్లతోనే అమ్ముతున్నారు. చేతిలోని సొమ్ము పరిమితమైనప్పుడు ఒకదానిపై పెట్టిన రూపాయి రెండోదానికి మిగలదన్న తర్కం కూడా పైకి బలంగానే కనిపిస్తుంది. అయితే ఈ మూడు ఆధారాల్లో మొదటిదానికి కాలం చెల్లింది, రెండోది అసలు సాక్ష్యమే కాదు, మూడోది లెక్క తప్పింది. వాటన్నిటికంటే ముందు వాదం పునాదిలోనే ఒక లోపం ఉంది.

1. కదిలే బొమ్మ బొమ్మ కాదా?

బొమ్మ నాణ్యతను వేగానికి ఎదురుగా నిలబెట్టాలంటే ముందుగా కదలికను నాణ్యత లెక్కలోంచి తీసివేయాలి. ఈ వాదం ఆ పనిని చడీచప్పుడు లేకుండా చేస్తుంది. నిశ్చలమైన ఫోటోను తెరపై నిలిపి, దాని రంగులను పరికరంతో కొలిచి, వచ్చిన అంకెకు చిత్ర నాణ్యత అని పేరు పెట్టడం సులువే కానీ, తెర ముందు కూర్చున్న మనిషి రోజంతా చూసేది నిశ్చల చిత్రాలను కాదు. చదువుతున్న పేజీ పైకి జరుగుతుంది, వీడియోలో కెమెరా పక్కకు తిరుగుతుంది, ఎక్సెల్ పట్టిక కిందికి పరుగెడుతుంది. ఆ క్షణాల్లో అక్షరం అలుక్కుపోతూ ఉంటే, నిలిచి ఉన్నప్పుడు అది ఎంత స్ఫుటంగా ఉన్నదో చెప్పే అంకె సగం నిజాన్ని మాత్రమే చెబుతున్నట్టు.

ఈ అలుకుడుకు కారణం పిక్సెళ్ళ మందకొడితనమేనని సాధారణంగా అనుకుంటారు. అదొక కారణమే, దానికంటే పెద్ద కారణం కంటికీ తెరకూ మధ్య ఉంది. కదిలే వస్తువును కన్ను ఆగకుండా వెంబడిస్తుంది, కానీ నేటి తెరలు ఒక ఫ్రేమును, అంటే ఒక నిశ్చల బొమ్మను, తరువాతి ఫ్రేము వచ్చేదాకా ఉన్నచోటనే పట్టి ఉంచుతాయి. 60 హెర్ట్జ్ వద్ద ఆ పట్టు 16.7 మిల్లీసెకన్లు, అంతసేపూ కన్ను ముందుకు సాగుతూనే ఉంటుంది, బొమ్మ మాత్రం కదలదు, దాంతో అది కంటిపాప వెనుకనున్న రెటీనా మీద చారగా సాగిపోతుంది. సెకనుకు 960 పిక్సెళ్ళ వేగంతో జరిగే వస్తువును తీసుకుంటే 60 హెర్ట్జ్ తెరపై ఆ చార పొడవు 16 పిక్సెళ్ళు, 120 హెర్ట్జ్ వద్ద 8, 240 వద్ద 4. పిక్సెళ్ళు సెకనులో వెయ్యో వంతులో రంగు మారినా ఈ లెక్క మారదు. మామూలు పరిమాణంలో ఉన్న తెలుగు అక్షరం వెడల్పు 27 అంగుళాల తెరపై ఇంచుమించు అంతే కాబట్టి, 60 హెర్ట్జ్ తెరపై పేజీని ఆ వేగంతో జరిపితే ప్రతి అక్షరమూ తన ఒళ్ళంత మేర అలుక్కుపోతుంది. ఆ తెర 4కే అయినా, రంగులు కర్మాగారంలోనే సరిచూసి పంపినవైనా దీనికి మినహాయింపు లేదు.

పాత కాలపు సీఆర్‌టీ మానిటర్లలో, అంటే గాజు బుడ్డి లోపలి పూతను ఎలక్ట్రాన్ల ధారతో వెలిగించే బరువైన మానిటర్లలో, ఈ తగవే లేదు. అక్కడ ప్రతి చుక్కా ఒకటి రెండు మిల్లీసెకన్లు మాత్రమే మెరిసి ఆరిపోయేది కాబట్టి కన్ను వెంబడించేలోగా పట్టి ఉంచే బొమ్మ అంటూ ఉండేది కాదు, కదలిక స్వచ్ఛంగా ఉండేది. రంగులు, నలుపు కూడా ఆనాటి ఎల్‌సీడీల కంటే ఎంతో మేలుగా ఉండేవి. సోనీ వారి 24 అంగుళాల జీడీఎం-ఎఫ్‌డబ్ల్యూ900 వంటి మానిటర్ 2304×1440 పిక్సెళ్ళను 80 హెర్ట్జ్ వద్ద చూపేది. గ్రాఫిక్స్ నిపుణుల కోసం తయారైన ఆ మానిటర్‌నే తరువాతి కాలంలో ఆటల ప్రియులు పాత సామాన్ల మధ్య వెదికి మరీ కొనుక్కున్నారు. అంటే బొమ్మకూ వేగానికీ పుట్టుకతో వైరం ఏదీ లేదు. ఒక సాంకేతికత పోయి మరొకటి వచ్చినప్పుడు మధ్యలో ఏర్పడిన ఖాళీని ప్రకృతి నియమంగా పొరబడడం జరిగింది.

పక్కనే ఉన్న టీవీల విభాగాన్ని గమనిస్తే ఈ వాదంలోని అసంగతి మరింత బయటపడుతుంది. 2007 నాటికే 120 హెర్ట్జ్ ఎల్‌సీడీ టీవీలు వచ్చాయి, వాటిని ఆటలవారికి కాక సినిమాలు, క్రికెట్ చూసేవారికి మెరుగైన బొమ్మ పేరుతోనే అమ్మారు. అందులో న్యాయం కూడా ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 60ని 24తో భాగిస్తే సమంగా పోదు కాబట్టి 60 హెర్ట్జ్ తెర ఒక ఫ్రేమును మూడుసార్లు, మరుసటి ఫ్రేమును రెండుసార్లు చూపిస్తూ, అంటే ఒకటి 50 మిల్లీసెకన్లు, మరొకటి 33 మిల్లీసెకన్లు నిలుపుతూ నెట్టుకొస్తుంది, కెమెరా మెల్లగా పక్కకు తిరిగే దృశ్యాల్లో ఆ కుంటినడక కంటికి తెలుస్తుంది. 120 హెర్ట్జ్ తెరపై ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఐదుసార్లు, 144 హెర్ట్జ్ తెరపై ఆరుసార్లు వస్తుంది. ఆపిల్ సంస్థ 2017లో 120 హెర్ట్జ్ ఐప్యాడ్ ప్రోను బొమ్మలు గీసేవారి ముందు పెట్టింది. 2021లో అదే వేగాన్ని మ్యాక్‌బుక్ ప్రోలో వీడియో ఎడిటర్లకు ఇచ్చింది. ఇప్పుడు భారతదేశంలో మధ్యస్థ ధర ఫోన్లలో కూడా 120 హెర్ట్జ్ మామూలైపోయింది, ఆ ఫోన్లను ఎవరూ ఆటల ఫోన్లని అనడం లేదు. టీవీలో, టాబ్లెట్‌లో, ఫోన్‌లో బొమ్మ గుణమైనది మానిటర్ దగ్గరికి వచ్చేసరికి బొమ్మకు శత్రువు ఎలా అయిందో ఈ వాదాన్ని నమ్మేవారే చెప్పాలి.

2. తోడుగా ఉన్నంత మాత్రాన కారణం కాదు

వాదానికి అసలు బలం చరిత్ర. ఎల్‌సీడీలో వెలుగునిచ్చేది వెనుకనున్న దీపం, అంటే బ్యాక్‌లైట్. దాని ముందున్న ద్రవ స్ఫటికాల పొర విద్యుత్తు ప్రభావంతో తన అణువుల దిశను మార్చుకుంటూ ఆ వెలుగును ఎంత మేరకు పోనివ్వాలో నిర్ణయిస్తుంది. అణువులను అమర్చే పద్ధతిని బట్టి ప్రధానంగా మూడు రకాలు ఏర్పడ్డాయి: అణువులు మెట్ల మాదిరిగా మెలితిరిగి ఉండే టీఎన్, తెరకు సమాంతరమైన తలంలోనే పక్కకు తిరిగే ఐపీఎస్, విద్యుత్తు లేనప్పుడు నిటారుగా నిలబడి ఉండే వీఏ. హిటాచీ సంస్థ 1996లో ఐపీఎస్‌ను మార్కెట్‌కు తెచ్చిన తరువాత చాలాకాలం అది ఖరీదైనది, మందకొడిది, రంగుల్లో నమ్మదగినది. టీఎన్ చవకైనది, చురుకైనది, కొంచెం కిందినుంచి చూస్తే రంగులు తారుమారయ్యేది. 2009లో శామ్‌సంగ్ త్రీడీ కళ్ళద్దాలతో ఆటలాడేవారి కోసం 22 అంగుళాల 120 హెర్ట్జ్ మానిటర్‌ను తెచ్చినప్పుడు అది టీఎన్ కావడం, 2013లో ఆసుస్ తెచ్చిన 24 అంగుళాల 144 హెర్ట్జ్ మానిటర్ కూడా టీఎన్ కావడం చూసినవారు వేగం అంటే పాలిపోయిన రంగులని తీర్మానించుకున్నారు.

చూసినది నిజమే, తీసిన తీర్మానమే తప్పు. టీఎన్ రంగులు చెడ్డవి కావడానికి దాని వేగం కారణం కాదు. చూసే కోణం మారితే రంగు మారడం మెలితిరిగిన అణువుల అమరిక వల్ల వచ్చినది. ఒక్కొక్క మూలరంగుకు 256 ఛాయలకు బదులు 64 ఛాయలే చూపించి, మిగిలినవాటిని రెండు ఛాయల మధ్య వేగంగా మార్చుతూ కంటిని భ్రమింపజేసే 6 బిట్ల పద్ధతి ఖర్చు తగ్గించుకోవడం కోసం వచ్చినది. చౌక అమరికలో వేగం, బలహీనమైన రంగు పక్కపక్కన కాపురం చేశాయంతే. ఒకటి రెండోదానికి చెల్లించిన మూల్యం కాదు.

2015లో ఏసర్ 27 అంగుళాల, 2560×1440 పిక్సెళ్ళ, 144 హెర్ట్జ్ ఐపీఎస్ మానిటర్‌ను తెచ్చినప్పుడే ఆ కాపురం చెదిరింది. 2019లో ఎల్‌జీ తన నానో ఐపీఎస్ మానిటర్‌కు 1 మిల్లీసెకను అని ప్రకటించింది. ఆ అంకెకు ఎంత విలువ ఇవ్వాలో తరువాత చూడవలసి ఉన్నా, మంచి రంగుల ప్యానెల్, అంటే తెరలో అసలు బొమ్మను చూపే పలక, వేగంలో టీఎన్‌ను అందుకోగలదన్నది అప్పటికే తేలిపోయింది. ఇక 2022లో డెల్ తన ఏలియన్‌వేర్ పేరుతో 34 అంగుళాల, 175 హెర్ట్జ్ క్యూడీ-ఓఎల్‌ఈడీ (ఓఎల్‌ఈడీలో ఒక రకం) మానిటర్‌ను విడుదల చేసిన తరువాత పాత విభజనకు నిలబడే చోటే లేకుండా పోయింది. ఓఎల్‌ఈడీ తెరలో బ్యాక్‌లైట్ ఉండదు, ప్రతి పిక్సెలూ సేంద్రియ పదార్థంతో తానే వెలుగుతుంది, నలుపు కావాలంటే పూర్తిగా ఆరిపోతుంది. తిప్పవలసిన అణువులు లేవు కాబట్టి ఆ మార్పు మిల్లీసెకనులో చిన్న భాగంలోనే జరిగిపోతుంది. అంటే అత్యంత లోతైన నలుపునూ అత్యంత చురుకైన మార్పునూ ఇస్తున్నది ఒకే నిర్మాణం, ఒకే కారణం. ఈ తెరలను మొదట కోరుకున్నది ఆటలవారు కూడా కాదు. సినిమాలకు రంగులు దిద్దే గ్రేడింగ్ గదుల కోసం సోనీ 2014లోనే బీవీఎం-ఎక్స్300 అనే 30 అంగుళాల 4కే ఓఎల్‌ఈడీ ప్రమాణ మానిటర్‌ను ప్రకటించింది. రంగుల విషయంలో రవ్వంత రాజీపడనివారు ఎంచుకున్న జాతి తెరే వేగంలోనూ ముందున్నప్పుడు రెంటి మధ్య వైరం అన్న మాట ఎలా నిలుస్తుంది?

వీఏ సంగతి వేరే చెప్పాలి. మామూలు ఐపీఎస్ తెరలో కాంట్రాస్ట్, అంటే తెలుపు వెలుగుకూ నలుపు వెలుగుకూ ఉన్న నిష్పత్తి, సుమారు 1000కి 1. వీఏలో 3000కి 1 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటుంది. చీకటి దృశ్యాల్లో వీఏ బొమ్మ మేలు. నలుపు నుంచి బూడిదరంగుకు మారడంలో మాత్రం అది నత్తనడక నడిచి వెనుక నల్లటి చారలను విడుస్తుంది. ప్రచారంలో ఉన్న అభిప్రాయం ప్రకారం బొమ్మ మెరుగ్గా ఉండి వేగం తక్కువగా ఉన్న ఈ తెర నిపుణుల అరలో ఉండాలి. వాస్తవంలో వంపు తిరిగిన గేమింగ్ మానిటర్లలో అధికభాగం వీఏలే.

3. పెట్టె మీది అంకెలు సాక్ష్యం కావు

దుకాణంలో ఈ విభజనను నిలబెడుతున్నది రెస్పాన్స్ టైమ్ అన్న అంకె. పిక్సెల్ ఒక బూడిద ఛాయ నుంచి మరొక బూడిద ఛాయకు మారడానికి పట్టే కాలాన్ని అలా పిలుస్తారు. సాధారణంగా ఆ మార్పులో మొదటి పదిశాతాన్నీ చివరి పదిశాతాన్నీ వదిలేసి మధ్యభాగాన్నే కొలుస్తారు. ఎన్నో ఛాయల జంటల్లో అతి వేగంగా మారిన జంటనే ప్రకటించినా అడిగేవారు లేరు. పైగా ఆ అంకె రావాలంటే ఓవర్‌డ్రైవ్‌ను, అంటే పిక్సెల్‌ను తొందరపెట్టడానికి అవసరానికి మించిన విద్యుత్తును పంపే ఏర్పాటును, చివరి మెట్టుకు పెంచాలి. అప్పుడు పిక్సెల్ గమ్యాన్ని దాటి పోయి వెనక్కి వస్తుంది, కదిలే వస్తువు వెంట తెల్లటి వెలుగు అంచు కనిపిస్తుంది. 1 మిల్లీసెకను అని రాసిన తెరను ఆ అమరికలో ఎవరూ వాడరు, వాడితే బొమ్మతో పాటు ఆట కూడా పాడవుతుంది. మరికొన్ని పెట్టెల మీద అదే 1 మిల్లీసెకను ఎంపీఆర్‌టీ అన్న పేరుతో ఉంటుంది. అది పిక్సెల్ మారే కాలమే కాదు, బ్యాక్‌లైట్‌ను ఫ్రేముకు ఒకసారి మాత్రమే మెరిపించి ఆర్పినప్పుడు కంటికి బొమ్మ కనిపించే కాలం. ఆ మెరుపుకు మూల్యంగా తెర వెలుగు బాగా తగ్గిపోతుంది. రెండు వేరువేరు విషయాలను ఒకే అంకెతో అమ్మడం కొనేవాడిని తికమక పెట్టడానికి కాక మరెందుకు?

తెరల ప్రమాణాలను నిర్ణయించే వెసా సంస్థ 2022లో అడాప్టివ్-సింక్ డిస్‌ప్లే అన్న ధ్రువీకరణను తెచ్చినప్పుడు, పరీక్షలను తెర కర్మాగారం నుంచి వచ్చిన అమరికలోనే జరపాలని, పిక్సెల్ గమ్యాన్ని దాటిపోవడానికి కూడా హద్దు ఉండాలని షరతు పెట్టింది. అదే ఏడాది కదలికలోని స్పష్టతకు క్లియర్‌ఎంఆర్ అన్న మరో కొలమానాన్ని తెచ్చింది. రెస్పాన్స్ టైమ్ అంకెను నమ్మలేని స్థితి లేకపోతే ఈ ఏర్పాట్ల అవసరమే వచ్చేది కాదు.

అవతలి గట్టున ఉన్న అంకెలు మాత్రం నిష్కళంకమా? హెచ్‌డీఆర్, అంటే వెలుగునీడల మధ్య విస్తృతమైన అంతరాన్ని చూపే పద్ధతి, ఉన్నదని చెప్పుకోవడానికి వెసా 2017లో పెట్టిన తొలిమెట్టు డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400. దానికి తెర 400 నిట్‌ల వెలుగును, అంటే చదరపు మీటరుకు 400 క్యాండెలాలను, ఇవ్వగలగడమే ప్రధాన షరతు. బ్యాక్‌లైట్‌ను భాగాలుగా విడదీసి చీకటి ఉన్నచోట మాత్రమే తగ్గించే ఏర్పాటు అక్కర్లేదు. ఆ ఏర్పాటు లేని ఐపీఎస్ తెరలో నలుపు బూడిదగానే ఉంటుంది, పెట్టె మీద మాత్రం హెచ్‌డీఆర్ ముద్ర ఉంటుంది. అలాగే విస్తృత రంగుల పరిధి అని గొప్పగా చెప్పుకునే తెరలో ఎస్‌ఆర్‌జీబీకి, అంటే 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించగా ఇంటర్నెట్ అంతటికీ ప్రమాణమైన రంగుల పరిధికి, కుదించే ఏర్పాటు లేకపోతే మనుషుల ముఖాలు ఎండలో కందినట్టు కనిపిస్తాయి. నిపుణుల తెర అని పేరు ఉన్నంత మాత్రాన ఈ దోషం తొలగిపోదు, గేమింగ్ అని పేరు ఉన్నంత మాత్రాన రాదు. మానిటర్ కంపెనీల్లో చాలావరకు ప్యానెళ్ళను ఎల్‌జీ డిస్‌ప్లే, శామ్‌సంగ్ డిస్‌ప్లే, ఏయూఓ, బీఓఈ, ఇనోలక్స్ వంటి కొద్ది సంస్థల నుంచే కొంటాయి కాబట్టి ఒకే ప్యానెల్ రెండు పేర్లతో రెండు పెట్టెల్లోకి చేరడం అసాధారణం కూడా కాదు.

4. పేచీ తెరతో కాదు, గ్రాఫిక్స్ కార్డుతో

4కే కావాలంటే వేగం వదులుకోవలసిందే అన్న మాటలో కొంత నిజం ఉంది, అయితే ఆ నిజం ఉన్నది తెరలో కాదు. 4కే ఫ్రేములో సుమారు 83 లక్షల పిక్సెళ్ళు. 2560×1440లో 37 లక్షలు. 1920×1080లో 21 లక్షలు. ఆట ఆడేటప్పుడు ఈ పిక్సెళ్ళన్నిటికీ రంగు లెక్కగట్టి ఇవ్వవలసినది గ్రాఫిక్స్ కార్డు. 4కేలో సెకనుకు 60 ఫ్రేములు, 1440లో 135 ఫ్రేములు, 1080లో 240 ఫ్రేములు అన్నవి మూడూ ఒకే లెక్కకు, అంటే సెకనుకు దాదాపు 49.8 కోట్ల పిక్సెళ్ళకు, వస్తాయి. ప్రతి ఫ్రేముకూ ప్రాసెసర్ విడిగా చేయవలసిన పని ఉంటుంది కాబట్టి వాస్తవంలో ఈ సమానత్వం అంత కచ్చితంగా ఉండదు; అయినా స్పష్టతకూ వేగానికీ మధ్య బేరం జరుగుతున్నది కార్డు దగ్గరేనని చూపడానికి ఈ లెక్క చాలు.

ఈ తేడా వల్ల రెండు పర్యవసానాలు ఉన్నాయి. మొదటిది, ఆ బేరం భారీ ఆటలకే వర్తిస్తుంది. పేజీ జరపడం, ఫోటో దిద్దడం, ప్రోగ్రాం రాయడం వంటి పనులకు సాధారణమైన కార్డు కూడా 4కే తెరను 120 లేదా 144 హెర్ట్జ్ వద్ద నడపగలదు, కేబుల్, పోర్టు మాత్రం అందుకు తగినవి కావాలి. రెండోది, అడాప్టివ్-సింక్ ఉన్న తెర కార్డు ఎప్పుడు ఫ్రేము ఇస్తే అప్పుడే మారుతుంది కాబట్టి 144 హెర్ట్జ్ తెరను కొన్నంత మాత్రాన 144 ఫ్రేములు తెచ్చి తీరాలన్న నిర్బంధం లేదు. ఈనాడు ఉన్న కార్డును చూసి తెర శక్తిని కుదించుకునేవారు, కార్డు మారిన తరువాత కూడా అదే తెర బల్ల మీద ఉంటుందన్న సంగతిని మరచిపోతున్నారు. ఖరీదైన తెరను కొని విండోస్ అమరికల్లో దాన్ని 60 హెర్ట్జ్ వద్దనే వదిలేసి, తేడా ఏమీ లేదని తీర్పు చెప్పేవారు వేరే ఉన్నారు. వారి సాక్ష్యాన్ని పక్కన పెట్టవచ్చు.

5. డబ్బు మాట

మిగిలిన వాదం సొమ్ముది. పరిమితమైన ధరలో రెండూ రావన్నది ఒకనాటి మాట. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా 20 వేల రూపాయలకు అటూ ఇటూగా 27 అంగుళాల, 2560×1440 పిక్సెళ్ళ, 165 లేదా 180 హెర్ట్జ్ ఐపీఎస్ మానిటర్లు దొరుకుతున్నాయి. అదే పరిమాణంలో 60 హెర్ట్జ్ 4కే మానిటర్ ధర దాదాపు అంతే, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. అంటే వేగానికి విడిగా చెల్లించవలసిన మూల్యం ఈ మధ్యస్థ శ్రేణిలో ఇంచుమించు మాయమైంది. అది మాయం కాలేదని నమ్మేవారి నమ్మకం మీదనే తయారీదారుల బేరం నడుస్తున్నది: ఆటలవారికి రంగు అక్కర్లేదు కాబట్టి గేమింగ్ మానిటర్‌ను రంగులు సరిచూడకుండానే పంపవచ్చు, ఆఫీసువారికి కదలిక అక్కర్లేదు కాబట్టి వారికి 60 హెర్ట్జ్ చాలు. కొనేవారు అడగనిది అమ్మేవారు ఇవ్వరు. అడగకుండా చేసినది ఈ అభిప్రాయమే.

నష్టం ఎవరిదో కూడా చూడాలి. వేగమే ముఖ్యమని విని 27 అంగుళాల 1920×1080 తెర కొన్న విద్యార్థి రోజుకు గంటో రెండు గంటలో ఆడతాడు, మిగిలిన సమయమంతా పాఠాలు, ప్రోగ్రాములు చదువుతాడు. ఆ తెరలో అంగుళానికి 82 పిక్సెళ్ళే ఉంటాయి; 1440 తెరలో 109, 4కే తెరలో 163. ఇంగ్లీషు అక్షరాలు 82 వద్ద కూడా ఎలాగో నెట్టుకొస్తాయి కానీ, ‘థ’ కడుపులోని చుక్కనూ ‘ధ’ కింది గీతనూ, గుడినీ గుడిదీర్ఘాన్నీ, అక్షరం కింద సగం పరిమాణంలో వేలాడే ఒత్తునూ విడివిడిగా చూపడానికి అన్ని చుక్కలు చాలవు, కన్ను ఊహించి చదవవలసి వస్తుంది. ఇంగ్లీషు సమీక్షకులు ఈ అక్షరాలను దృష్టిలో పెట్టుకుని సలహా ఇవ్వరు కాబట్టి తెలుగులో చదివే, రాసే, టైపుసెట్టింగ్ చేసేవారు చుక్కల సాంద్రతకు వారు ఇచ్చేదానికంటే ఎక్కువ విలువ ఇవ్వక తప్పదు. మరోవైపు, నాణ్యతే ముఖ్యమని విని 60 హెర్ట్జ్ తెర కొన్న వీడియో ఎడిటర్ టైమ్‌లైన్‌ను ముందుకూ వెనక్కూ లాగుతూ రోజంతా చారలు చూస్తాడు, చేతిలోని ఫోన్ మాత్రం అతనికి రెట్టింపు వేగంతో బొమ్మ చూపుతూ ఉంటుంది.

6. అసలు తగవులు ఎక్కడున్నాయి

బొమ్మకూ వేగానికీ వైరం లేదంటే ఏ తెరలోనూ ఏ లోపమూ లేదని కాదు. తగవులు ఉన్నాయి, అవి వేరేచోట ఉన్నాయి. రెంటినీ ఇస్తున్న ఓఎల్‌ఈడీనే తీసుకుంటే, తెర మొత్తం తెల్లగా ఉన్నప్పుడు వేడినీ విద్యుత్తునూ అదుపులో ఉంచడానికి చాలా మోడళ్ళు వెలుగును సుమారు 250 నిట్‌ల దగ్గర ఆపేస్తాయి, కిటికీ పక్కన కూర్చుని పత్రాలు చదివేవారికి అది తక్కువే. రోజంతా కదలకుండా ఉండే టాస్క్‌బార్ వంటి రూపాలు కాలక్రమంలో తెరపై శాశ్వతమైన మచ్చగా నిలిచిపోయే బర్న్-ఇన్ ప్రమాదం ఉంది. క్యూడీ-ఓఎల్‌ఈడీలో బయటి వెలుగును మింగే ధ్రువక పొర లేకపోవడంతో ట్యూబులైటు వెలుగులో నలుపు కాస్త బూడిదగా మారుతుంది. దాని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉపచుక్కలు వరుసగా కాక త్రికోణంగా అమరి ఉంటాయి; అవి వరుసగా ఉంటాయన్న నమ్మకంతో పనిచేసే, విండోస్‌లో అక్షరాలను నున్నగా చూపే క్లియర్‌టైప్ ఏర్పాటు అక్షరాల పై అంచునా కింది అంచునా రంగు మరకలు మిగులుస్తుంది, చుక్కల సాంద్రత తక్కువైన తెరల్లో అవి తలకట్టు దగ్గరే కంటికి తగులుతాయి. గమనించవలసిందేమంటే ఇవన్నీ బొమ్మకూ బొమ్మకూ మధ్య ఉన్న పేచీలు: చీకటి గదిలో సినిమా చూపే బొమ్మకూ, పగటి వెలుగులో తెల్ల పేజీని చూపే బొమ్మకూ మధ్య. ప్రచారంలో ఉన్న ప్రశ్న ఈ పేచీని చూడనే చూడదు.

పాత అభిప్రాయానికి మిగిలిన నిజమైన చోటు ఒక్కటే ఉంది, దాన్ని కాదనడం అన్యాయం. కౌంటర్-స్ట్రయిక్, వాలరంట్ వంటి ఆటల్లో బహుమతి సొమ్ము కోసం పోటీపడేవారికి 2023లో వచ్చిన 540 హెర్ట్జ్ టీఎన్ తెర వంటిది ఆయుధమే. వారికి రంగు ఎలా ఉన్నా శత్రువు అంచు స్పష్టంగా కనిపిస్తే చాలు. అయితే 60 హెర్ట్జ్ నుంచి 120కి వెళితే ప్రతి ఫ్రేముకూ 8.3 మిల్లీసెకన్లు కలిసివస్తాయి, 240 నుంచి 360కి వెళితే 1.4 మాత్రమే, చూసిన దానికి స్పందించి మీట నొక్కడానికి మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ 1.4తో గెలుపోటములు మారే స్థాయి ఆటగాళ్ళు కొద్దిమంది. వారి అవసరాన్ని ఆటలాడే ప్రతివారి అవసరంగా చాటడం, ఆ ముసుగులో మిగిలినవారికి నాసిరకం రంగులు అంటగట్టడం వ్యాపారమే తప్ప సాంకేతిక సలహా కాదు.

కాబట్టి కొనేవారు దుకాణంలో కోరవలసినవి వేరు. తెలుగు పేజీ ఒకదాన్ని తెరిచి వేగంగా జరిపి చూపించమనాలి. గది లైట్లు వెలుగుతుండగా నల్లటి దృశ్యాన్ని పెట్టించాలి. కర్మాగారం నుంచి వచ్చిన ఓవర్‌డ్రైవ్ అమరికలోనే కదలికను చూడాలి. ఎస్‌ఆర్‌జీబీ అమరికను ఎంచుకున్నప్పుడు వెలుగును సవరించుకోనిస్తుందో లేదో, పక్కకు కూర్చుని చూసినప్పుడు రంగు మారుతున్నదో లేదో, బర్న్-ఇన్‌కు వారంటీ వర్తిస్తుందో లేదో అడగాలి. ‘ఇది గేమింగ్ మానిటరా, గ్రాఫిక్స్ మానిటరా?’ అన్న ప్రశ్న దుకాణదారు నోట వచ్చినప్పుడు, రెండింటికీ లోపల ఉన్న ప్యానెల్ ఏ కంపెనీదో, ఏ రకానిదో ముందు చెప్పమని తిరిగి అడిగే హక్కు డబ్బు పెట్టేవారికి ఉంది.